ఇంట్లో ఉండి పాఠం చెప్పిన పరాయి ఊరి పంతుళ్ళు

మన బంధువుల అమ్మాయి ఒకామె అమెరికాలో టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. మన బీఎడ్ లాంటిదే. ఆ చదువులో కొన్ని వారాలు వేరే దేశానికి పోయి, అక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉండి, దగ్గరి బడిలో ఇంగ్లీషు చెప్పి రావొచ్చు. దాన్ని కోర్సులో భాగంగానే లెక్కేస్తారు. ఆమె తన క్లాసువాళ్ళు ఇద్దరి కోసం, "బీదర్‌లో మన ఇంట్లో ఉండొచ్చా?" అని అడిగింది. మన పెద్దవాళ్ళ గ్రూపులో దీని మీద రెండు వారాలుగా మాటలు నడుస్తున్నాయి. కొందరు మన పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, రానిద్దాం అన్నారు. కొందరు మనకెందుకు ఈ బాధ్యత అన్నారు.

ఏ మాటైనా తేల్చే ముందు ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది, మన బీదర్‌లో దీనికి పోలిక ఏముంది అని చూద్దామనుకున్నా. చదువుతూ పోతే తెలిసింది ఏందంటే, దూరం నుంచి వచ్చి పాఠం చెప్పేవాడికి చోటు, కూడు ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న ఈ ఊరికి కొత్తది కాదు. అయిదు వందల యాభై ఏళ్ళ పాతది.

గవాన్ మదరసా

పాత ఊర్లో చౌబారా నుంచి కోట వైపు పోతుంటే కనిపించే మహమూద్ గవాన్ మదరసా మనందరికీ తెలుసు. చిన్నప్పుడు బడి పిక్నిక్ అంటే అదే కదా. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం మనిషి. 1453లో వ్యాపారిగా దక్కన్‌కు వచ్చాడు. బహమనీ సుల్తానుల దగ్గర మెల్లగా ఎదిగి ప్రధానమంత్రి అయ్యాడు. 1472 ప్రాంతంలో ఈ మదరసా కట్టించాడు. మూడంతస్తులు, రంగు పెంకుల గోడలు, మూలన ఎత్తైన మీనార్. అందులో 3000 చేతిరాత పుస్తకాలు ఉండేవని చెప్తారు.

చాలామంది పెంకులు చూసి వచ్చేస్తారు. ఈసారి పోయినప్పుడు గదులు చూడండి. విద్యార్థులకు 36 గదులు, పాఠం చెప్పేవాళ్ళకు 6 పెద్ద వాటాలు. అంటే గురువులు ఊర్లో అద్దెగది వెతుక్కునే పని లేదు. పాఠం చెప్పే కట్టడంలోనే వాళ్ళ ఇల్లు కూడా ఉంది. గవాన్ పెద్ద పెద్ద పండితులను దూర దేశాల నుంచి పిలిచాడు. పారసీ కవి జామీని కూడా రమ్మని రాశాడు, కానీ ఆయన రాలేదు. గవాన్ రాసిన ఉత్తరాలు రియాజుల్ ఇన్షా అన్న సంకలనంగా మిగిలి ఉన్నాయి.

గవాన్ కూడా బయటి మనిషే. ఆ కాలంలో బహమనీ దర్బారులో దక్కనీలు అనే స్థానికులకు, ఆఫాకీలు అనే బయటి దేశాల వాళ్ళకు పడేది కాదు. చివరికి దొంగ ఉత్తరం ఒకటి సృష్టించి సుల్తాను చేతికిచ్చారు. 1481 ఏప్రిల్‌లో గవాన్‌ను చంపించారు. అది జరిగింది బీదర్‌లో కాదు, ఆంధ్రదేశంలో కొండపల్లి దగ్గర సైన్యం విడిది చేసిన చోట. మదరసాలో గురువుకు గది దొరికింది గానీ, దర్బారులో ఆ గదులు కట్టించినవాడికే చోటు దక్కలేదు. బయటినుంచి వచ్చినవాడికీ ఊరివాడికీ మధ్య నమ్మకం లేకపోతే ఎంత మంచి కట్టడమైనా కాపాడలేదు. తరవాత మొఘలుల కాలంలో, 1696లో, మందుగుండు పేలి ఆ కట్టడం ముందు భాగం కూడా కూలిపోయింది.

వారాలు, దాసోహం

మదరసా వెనక పెద్ద సొమ్ము ఉంది. మామూలు ఊర్లలో అంత సొమ్ము ఎక్కడిది? అక్కడ ఇళ్ళే ఆ పని చేశాయి. మన తెలుగులో 'వారాలు చేసుకొని చదువుకున్నాడు' అంటాం. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు. పేద విద్యార్థి చదువు అలా సాగేది. కన్నడంలో దీన్నే వారాన్నం అంటారు. నేను కన్నడ మీడియంలో చదివినప్పుడు గొప్పవాళ్ళ జీవిత పాఠాల్లో ఈ మాట చాలాసార్లు వచ్చేది. ఇంట్లో నాయనమ్మ నోట 'వారాలు' విన్నాను కాబట్టి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. ఇది ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకు నడిచిన ఏర్పాటు, అందరికీ దొరికింది కాదు. అది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకోటి మన జిల్లాదే. బసవకల్యాణంలో 12వ శతాబ్దపు శరణులు దాసోహం అన్న మాటకు కొత్త అర్థం ఇచ్చారు. సంపాదించింది పంచుకొని తినడం, ఊరూరు తిరిగే జంగముడికి ఇంట్లో అన్నం పెట్టడం. తిరిగేది జంగమం, ఒకచోట నిలిచేది స్థావరం. ఆ శరణుల కథను తెలుగులో బసవపురాణంగా రాసింది పాల్కురికి సోమనాథుడు. దాన్నే 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. కన్నడనాడు కథ ముందు తెలుగు పుస్తకమై, మళ్ళీ కన్నడానికి చేరింది. ఈ రెండు భాషల ఇళ్ళ మధ్య రాకపోకలు అంత పాతవి.

బ్రౌన్, కిట్టెల్

తరవాతి కాలంలో వచ్చిన వాళ్ళలో ఇద్దరి పేర్లు మన ఇంట్లో అందరికీ తెలుసు. ఇంట్లో బ్రౌన్, బడిలో కిట్టెల్. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరాడు, 1820లో కడపలో ఉద్యోగం. అక్కడ సొంత ఖర్చుతో బడులు పెట్టాడు, ఇంటి దగ్గర పండితులను జీతాలిచ్చి పెట్టుకొని తాళపత్రాలు రాయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఫెర్డినాండ్ కిట్టెల్ జర్మనీవాడు. బాసెల్ మిషన్ తరఫున 1853లో వచ్చాడు. ఆయన కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు 1894లో అచ్చయింది, దాదాపు 70,000 మాటలు.

ఒకడు దొరతనం పనికి, ఒకడు మత ప్రచారానికి వచ్చారు. ఆ పనుల సంగతి ఎట్లున్నా, ఇద్దరి పేరూ నిలిచింది ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్నదాని వల్లే. బెంగళూరు ఎంజీ రోడ్డులో కిట్టెల్ విగ్రహం ఉంది. బ్రౌన్‌కు పాఠాలు సరిచూసి ఇచ్చిన జూలూరి అప్పయ్య లాంటి పండితుల పేర్లు పుస్తకాల్లో వెతికితే దొరుకుతాయి. వాళ్ళ ఇళ్ళలో వండి పెట్టిన ఆడవాళ్ళ పేర్లు ఎంత వెతికినా దొరకవు.

మన ముందుగది

మన ఇంటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిజాం కాలంలో బీదర్ జిల్లా ఇప్పటికంటే పెద్దది. జహీరాబాదు, నారాయణఖేడ్ మన జిల్లాలోనే ఉండేవి, అటు ఉద్గీర్, నీలంగా కూడా. 1956 నవంబర్ 1న జిల్లాను మూడు ముక్కలు చేశారు. తెలుగు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠీవి బొంబాయి రాష్ట్రానికి, మిగిలింది మైసూరు రాష్ట్రానికి. జహీరాబాదు వైపు నుంచి వ్యాపారానికి వచ్చి బీదర్‌లో స్థిరపడిన మన తాత ఒక్క రోజులో పక్క రాష్ట్రం మనిషి అయిపోయాడు. ఇల్లు కదల్లేదు, గీత కదిలింది.

తాత చదివింది ఉర్దూలో. ఆఫీసు భాష అదే. 1956 తరవాత కన్నడం కావాల్సి వచ్చింది. బళ్ళకు కన్నడం, ఇంగ్లీషు చెప్పే టీచర్లు పాత మైసూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. బెంగళూరు ఇక్కడికి దాదాపు 700 కిలోమీటర్లు, హైదరాబాదు 140. వాళ్ళకు బీదర్ ఇంచుమించు పరదేశమే. బజారులో దక్కనీ ఉర్దూ, ఇళ్ళలో తెలుగో మరాఠీనో, ఇక్కడి కన్నడం కూడా వాళ్ళ చెవికి వేరే.

అట్లా వచ్చిన ఒక ఇంగ్లీషు మాస్టరు మన ముందుగదిలో మూడేళ్ళు అద్దెకున్నారు. ఖానావళి భోజనం పడక, నాయనమ్మ దగ్గరే తినేవారు. ఆయనకు రాగి ముద్ద అలవాటు, మనది జొన్న రొట్టె. మొదటి నెల రొట్టె విరిచి పెరుగులో నానబెట్టుకొని తిన్నారట. నాయనమ్మ పుంటికూర వండితే, ఇది మా ఊరి పుండి సొప్పే కదా అని ఆయన మొహం విచ్చుకుంది. అక్కడినుంచి ఇద్దరికీ మాట కలిసింది. ఆమెకు కన్నడం రాదు, ఆయనకు తెలుగు రాదు. కూరగాయల పేర్లతో మొదలుపెట్టి ఒకరి భాష ఒకరు పట్టుకున్నారు.

నాన్నకు ఆయన సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పారు. ఫీజు లేదు. తాత చిట్టాపుస్తకంలో నెలనెలా గది అద్దె జమ రాసి ఉంది. భోజనం ఖర్చు ఎక్కడా రాయలేదు, చదువు ఖర్చూ రాయలేదు. రెండూ ఒకదానికొకటి చెల్లయిపోయాయి అని నాన్న నవ్వుతూ చెప్పేవారు. నాన్న తరవాత ఉద్యోగం పరీక్ష ఇంగ్లీషులో రాసి పాసయ్యారు.

బయటి దేశాల్లో ఇది ఎట్లా మొదలైంది

మన ఇళ్ళలో ఎవరూ పేరు పెట్టకుండా నడిచిన ఈ పనికి అమెరికాలో 1932లో ఒక సంస్థ పుట్టింది. డొనాల్డ్ వాట్ అనే ఆయన ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్ మొదలుపెట్టాడు. చిన్న వయసువాళ్ళు వేరే దేశంలో హోటల్లో కాకుండా ఒక కుటుంబంలో సభ్యుల్లా ఉండాలి, అప్పుడే ఆ దేశం అర్థమవుతుంది అన్నది ఆయన ఆలోచన. ఇప్పుడు మనం వాడే 'హోమ్‌స్టే' పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. అందులో కుర్రవాడిగా జర్మనీ పోయి వచ్చిన సార్జెంట్ ష్రైవర్, 1961లో కెనెడీ పీస్ కోర్ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టర్ అయ్యాడు.

1961 ఆగస్టు చివర పీస్ కోర్ మొదటి జట్టు ఘానాలో దిగింది. అందరూ టీచర్లే. విమానం దిగగానే అక్కడి ట్వీ భాషలో పాట పాడారు. ఊరి జనం మెచ్చుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో నైజీరియాలో వేరే సంగతి జరిగింది. ఇబాదాన్‌లో శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి ఇంటికి రాసిన పోస్టుకార్డు దారిలో పడిపోయింది. అక్కడి బతుకు ఎంత వెనకబడి ఉందో అందులో రాసింది. కార్డు విద్యార్థుల చేతికి చిక్కింది, గొడవలయ్యాయి. ఆమె వెనక్కి పోవాల్సి వచ్చింది. ఆమెకు చెడు ఉద్దేశం ఉందని కాదు. కానీ తన గురించి అతిథి ఇంటికి ఏం రాస్తుందో ఆతిథ్యం ఇచ్చినవాళ్ళు చదవగలరు అన్న ఆలోచన అప్పటికి లేదు. ఇప్పుడు పోస్టుకార్డు బదులు ఫోన్ ఉంది, అంతే తేడా.

మన దేశానికి కూడా పీస్ కోర్ 1961 చివరలోనే వచ్చింది, 1976 దాకా ఉంది. మొత్తం నాలుగు వేల పైన మంది పనిచేశారు. ఇక్కడ ఎక్కువమందికి ఇచ్చింది ఇంగ్లీషు పాఠాల పని కాదు, వ్యవసాయం, కోళ్ళ పెంపకం లాంటివి. ఇంగ్లీషు విషయంలో మన దేశం వేరే దారి పట్టింది. బయటి టీచర్లను తరగతుల్లోకి తేవడం కంటే ఇక్కడి టీచర్లకు శిక్షణ ఇద్దాం అని. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. 1963లో బెంగళూరులో దక్షిణ రాష్ట్రాల కోసం రీజనల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. మన జిల్లా బడి టీచర్లు కొందరు అక్కడికి ట్రైనింగుకు పోయి వస్తారు.

పీస్ కోర్ సంగతి చదువుతుంటే బీదర్‌తో ఒక ముడి కనిపించింది. దక్కన్ చరిత్ర రాసిన రిచర్డ్ ఈటన్ కుర్రవయసులో, 1960ల మొదట్లో, పీస్ కోర్ వాలంటీరుగా ఇరాన్‌లో ఉన్నారు. తరవాత పారసీ మూలాలు చదివి దక్కన్ మీద జీవితమంతా పనిచేశారు. 2005లో వచ్చిన ఆయన పుస్తకం ఒకటి ఎనిమిది మంది జీవితాలతో దక్కన్ చరిత్ర చెప్తుంది. అందులో కాకతీయ ప్రతాపరుద్రుడు ఉన్నాడు, సర్వాయి పాపడు ఉన్నాడు, మన మహమూద్ గవాన్ ఉన్నాడు. ఇవ్వడానికని ఇరాన్ పోయినవాడు అక్కడినుంచి తీసుకున్నది, మన ఊరి చరిత్ర రాయడానికి పనికొచ్చింది.

ఇక టీచర్ ట్రైనింగ్ పిల్లల సంగతి. మన బీఎడ్ పుస్తకాల్లో వీళ్ళను ఛాత్రోపాధ్యాయులు అంటారు. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ 1970ల నుంచి వీళ్ళను బయటి దేశాలకు పంపుతోంది. ముందు సొంత రాష్ట్రంలో టీచింగ్ ప్రాక్టీసు, ఆ తరవాత కొన్ని వారాలు బయటి దేశపు బడిలో పని, అక్కడి కుటుంబంతో నివాసం. జపాన్ 1987లో జెట్ అనే కార్యక్రమం పెట్టి మొదటి ఏడాదే నాలుగు దేశాల నుంచి 848 మందిని పిలిచింది. అందులో వచ్చేవాళ్ళు చాలావరకు జపాన్ టీచరు పక్కన నిలబడే అసిస్టెంట్లు. తరగతి మాత్రం జపాన్ టీచరుదే.

మరి మనం ఏం చేద్దాం

నా అభిప్రాయం: రానిద్దాం. కానీ ఎందుకు రానిస్తున్నామో మనకు స్పష్టంగా ఉండాలి.

నేను అయిదో తరగతిలో ఏబీసీడీ మొదలుపెట్టినవాణ్ణి. అప్పట్లో కన్నడ మీడియంలో అంతే. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో రోజూ ఇంగ్లీషులోనే బగ్ రిపోర్టులు రాస్తాను. ఇంగ్లీషు రాయడం నాకు బడి మాస్టర్ల వల్ల వచ్చింది, ఏళ్ళ తరబడి ఒకే బోర్డు ముందు నిలబడ్డవాళ్ళ వల్ల. మాట్లాడే ధైర్యం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. మీటింగులో చెప్పాల్సిన వాక్యం ముందే కాగితం మీద రాసుకొని చదివిన రోజులున్నాయి. ఎనిమిది వారాలుండే అతిథి వ్యాకరణం నేర్పలేడు. కానీ తప్పు మాట్లాడితే నవ్వని ఒక మనిషితో పిల్లలు రోజూ మాట్లాడితే, ఆ భయం చిన్నప్పుడే పోవచ్చు. మనం ఆశించాల్సింది అంతవరకే.

అందుకే కొన్ని షరతులు. ఒకటి, వాళ్ళు ఏ టీచరు చోటూ తీసుకోకూడదు. మన కర్ణాటకలో 'అతిథి శిక్షకులు' అంటే ఎవరో తెలుసు కదా. తక్కువ జీతానికి, ఏడాదికేడాది ఆర్డరు కోసం ఎదురుచూస్తూ పనిచేసే మన ఊరి పిల్లలు. విదేశీ అతిథి ఉచితంగా వచ్చింది కదా అని ఇంటి అతిథి శిక్షకుణ్ణి పక్కన పెడితే అది అన్యాయం. జపాన్‌లో లాగా పక్కన నిలబడాలి.

రెండు, కాగితాలు సరిగ్గా ఉండాలి. టూరిస్టు వీసా మీద వచ్చి నెలల తరబడి బడిలో పాఠం చెప్పడం కుదరదు. వాళ్ళ యూనివర్సిటీ, ఇక్కడి బడి మాట్లాడుకొని సరైన వీసా తీసుకోవాలి. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైనులో మనమే తెలపాలి. ఆ పని నేను చూసుకుంటాను.

మూడు, బడి పిల్లల ఫోటోలు, మన వంటింటి ఫోటోలు అడక్కుండా ఎక్కడా పెట్టకూడదు. ఇబాదాన్ పోస్టుకార్డు కథ వాళ్ళకు ముందే చెప్దాం. వాళ్ళ దేశం కథే కాబట్టి తప్పు పట్టుకోరు.

నాలుగు, వాళ్ళు కూడా నేర్చుకోవాలి. వచ్చేలోపు కన్నడ అక్షరాలు, పోయేలోపు కొంచెం తెలుగు. జొన్న రొట్టె చేత్తో తట్టడం కూడా.

అయిదోది మనకు మనం పెట్టుకోవాల్సింది. ఇంట్లో మనిషి పెరిగితే పని ఎవరి మీద పడుతుంది? గ్రూపులో రానిద్దాం అని మెసేజ్ పెట్టినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. పొద్దున్నే లేచి రెండు డబ్బాలు ఎక్కువ కట్టేది వదిన, పిన్ని. వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే సరే. యూనివర్సిటీ ఇచ్చే భోజనం ఖర్చు, ఎంతైనా సరే, వాళ్ళ చేతికే పోవాలి. మైసూరు మాస్టరుకు మూడేళ్ళు వండిన నాయనమ్మ లెక్క చిట్టాపుస్తకంలో లేదు. ఈసారి రాసి పెడదాం.

ఇది చదివే మనవాళ్ళకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో కూడా ఇలా టీచర్లు, విద్యార్థులు ఉండి చదువుకున్న, చదువు చెప్పిన సంగతులు ఉంటాయి. జహీరాబాదు వైపు వాళ్ళ దగ్గర తప్పకుండా ఉంటాయి. ఏ సంవత్సరం, ఏ గది, ఏం తినేవాళ్ళు, ఎవరు వండేవాళ్ళు అని అమ్మమ్మలను, అత్తలను ఇప్పుడే అడిగి నాకు పంపండి. వండినవాళ్ళ పేరు ముందు రాయండి.